కారు లేకుండా అరకు కాఫీ తోటలకు, తొమ్మిది మందిమి

విశాఖ నుంచి బయల్దేరుతున్నాం, మా అత్తయ్య, మామయ్య కూడా వస్తున్నారు. రైలూ బస్సులే. తోటలు దగ్గరగా చూడాలి. డిసెంబరు ఫరవాలేదా?

జవాబు: డిసెంబరే మంచిది, పళ్లు ఎర్రబడి కోత నడుస్తుంటుంది. ఎర్ర పండొకటి అడిగి నోట్లో వేసుకోండి. తొక్క కింద పలచని తీపి గుజ్జు, జిగురు పట్టిన రెండు గింజలు. కాఫీ వాసన మాత్రం ఇసుమంత ఉండదు! వెళ్లేటప్పుడు పొద్దుటి కిరండూల్ రైలుకి ముందే రిజర్వేషన్ చేయించండి. సొరంగాల మీద సొరంగాలు, పెద్దవాళ్లకి మంచి కాలక్షేపం. వచ్చేటప్పుడు బస్సు, ఎందుకంటే రోడ్డు అనంతగిరి తోటల మధ్య నుంచే దిగుతుంది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్కలు, ఆ మానులకే మిరియాల తీగలు.

ఇంకో జవాబు: తోట దగ్గర దిగి తర్వాతి బస్సెక్కుదామని మాత్రం అనుకోకండి. మేం అలాగే చేసి ఘాట్ అంతా నిలబడే దిగాం, మా పిన్నికి ఒకటే వాంతులు. అరకు స్టాండులోనే ఎక్కితే టెన్షన్ ఉండదు.

సరే, అయితే జీపు మాట్లాడుకుని తోట చూసి, మళ్లీ అరకు వచ్చాకే బస్సెక్కుతాం. రైల్లో కిటికీ సీటు తనదేనని మామయ్య ఇప్పుడే చెప్పేశారు.