అప్‌డేట్: అక్క రక్తంలో దాక్కున్న వైరస్ సీక్వెన్సింగ్‌లో దొరుకుతుందా అని అడిగా కదా

గుర్తులేనివాళ్ళకి, జ్వరం తగ్గి ఏళ్ళు గడుస్తున్నా మా అక్కకి నీరసం పోవట్లేదు, స్నానం చేసొస్తే చాలు మళ్ళీ పడుకోవాల్సిందే, అందుకే రక్తంలోని డీఎన్‌ఏ ఆర్‌ఎన్‌ఏ మొత్తం చదివిస్తే ఏమైనా తెలుస్తుందా అని అడిగా. చేయించాం.

రిపోర్ట్‌లో టార్క్ టెనో వైరస్, క్యుటిబాక్టీరియం ఆక్నెస్ అని రెండు పేర్లు చూడగానే దొరికేసింది అనుకున్నాం. డాక్టర్ గారు నవ్వేశారు. మొదటిది ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఉండేదేనట, రెండోది చర్మం మీదుండే బాక్టీరియా, సూది గుచ్చినప్పుడు వచ్చుంటుంది అన్నారు. రక్తంలో చదివేదాంట్లో దాదాపు అంతా మన డీఎన్‌ఏనే, పైగా టెస్ట్‌కి వాడే కిట్లలోనే కాస్త బాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుందట (ఈ ముక్క డబ్బులు కట్టించుకునేముందు ఎవరూ చెప్పరు).

ఎక్స్‌ఎంఆర్‌వీ అని, హెచ్‌ఐవీ రకానికే చెందిన ఒక వైరస్ కథ కూడా ఆయనే చెప్పారు. 2009లో అమెరికాలో రీనో ల్యాబ్ వాళ్ళు అక్కలాగే ఏళ్ళతరబడి నీరసం పోని జబ్బు (క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్) ఉన్న 101 మంది పేషెంట్లలో 68 మందికి ఆ వైరస్ ఉందని సైన్స్‌ పత్రికలో వేస్తే, కొందరు హెచ్‌ఐవీ మందులు కూడా మింగారట పాపం. తీరా చూస్తే అది ఎలుకల్లో పెంచిన ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో రెండు ఎలుక వైరస్‌లు కలిసి పుట్టింది, శాంపిల్స్‌లో కలిసిపోయింది, 2011లో పేపర్ వెనక్కి తీసుకున్నారు. 2012లో లిప్కిన్ అనే వైరస్‌ల శాస్త్రవేత్త టీమ్ అదే జబ్బున్న 147 మంది పేషెంట్లని చూస్తే ఒక్కరిలో కూడా లేదు.

అందుకని యాంటీవైరల్ ఏదీ మొదలుపెట్టలేదు. అలసట రాకముందే ఆగి రెస్ట్ తీసుకోమన్నారు, అక్క ఇప్పుడు కూరగాయలు కూడా కూర్చునే తరుగుతోంది.