మామగారి చెవిలో గులిమి: షుగర్ ఉన్నవాళ్ళకి సక్షన్ మంచిదా, నీళ్ళతో కడగడం మంచిదా? (చెన్నై)

ప్రశ్న: వేళచ్చేరి నుంచి ఒక సభ్యురాలు

అందరికీ నమస్కారం. మా మామగారు నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చారు. తలస్నానం చేసినప్పటి నుంచి కుడి చెవి దిబ్బడగా ఉందంటున్నారు. టీవీ సౌండు బాగా పెంచుకుంటున్నారు. మావారు ఫోన్ టార్చ్ వేసి చూస్తే లోపల నల్లగా గులిమి గడ్డ కనిపించిందట. ఆయనకి చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. చిన్నప్పుడు ఆ చెవిలోనే చీము కారేదని కూడా చెబుతున్నారు.

ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే, చూడకుండానే డ్రాప్స్ పేరు చెప్పి, ఐదు రోజులు వేసి రమ్మన్నారు, నీళ్ళతో కడుగుతామన్నారు. ఇంకోచోట సక్షన్, అంటే గొట్టంతో పీల్చి తీయడం, చేస్తామన్నారు. మా అత్తగారేమో కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి పోస్తే చాలంటున్నారు. ఏది సరైనదో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: అంబత్తూరు సభ్యుడు

మా ఇంట్లో తరతరాలుగా నూనే పోస్తున్నామండి, ఎవరికీ ఏమీ కాలేదు. రెండు చుక్కలు వేసి చూడండి.

జవాబు: ఆడియాలజిస్టుగా (వినికిడి నిపుణురాలిగా) పనిచేస్తున్న సభ్యురాలు, అడయార్

అమ్మా, ముందు ఒక్క మాట. నూనె, డ్రాప్స్, నీళ్ళు ఏవీ ఆ చెవిలో వేయకండి. డాక్టరు లైటు పెట్టి లోపల చూశాకే ఏదైనా. మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది చిన్నప్పుడు చీము కారిందన్న సంగతి. అలా కారిన చెవుల్లో కర్ణభేరికి చిల్లు మిగిలిపోయి ఉండొచ్చు. గులిమి అడ్డం ఉన్నంతకాలం అది బయటికి కనిపించదు. చిల్లు ఉన్న చెవిలోకి నీళ్ళు కొడితే ఆ నీళ్ళు, వాటితోపాటు మురికి మధ్య చెవిలోకి వెళ్ళి మళ్ళీ చీము పట్టవచ్చు. అందుకే ఇలాంటి చెవిని నీళ్ళతో కడగరు. ఫోన్‌లో చెప్పిన డ్రాప్స్ కూడా ఆపండి. వాళ్ళు ఈ సంగతి అడగనే లేదు కదా.

రెండోది షుగర్. చెవి నాళంలో చర్మం చాలా పల్చగా ఉంటుంది. కడిగాక అక్కడ తడి మిగిలి, ఏ చిన్న గీతో పడితే, షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి ఇన్‌ఫెక్షన్ ముదిరి ఎముకదాకా పాకే ప్రమాదం ఉంది. అరుదే, కానీ చాలా ప్రమాదకరం. రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వనంత నొప్పి రావడం దాని ముఖ్య లక్షణం. మూతి ఒక పక్కకి లాగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

కాబట్టి మామగారికి నా ఓటు సక్షన్‌కే. మైక్రోస్కోపుతో గానీ ఎండోస్కోపుతో గానీ చూస్తూ, సన్నటి గొట్టంతో గులిమిని పీల్చి తీస్తారు. లోపల ఏం చేస్తున్నారో డాక్టరుకి కనిపిస్తూ ఉంటుంది, చెవి తడవదు. బాగా గట్టిపడితే చిన్న కొక్కెంతో అంచుల దగ్గర వదులు చేసి తీస్తారు. మరీ రాయిలా ఉంటే, లోపల చూశాక, ఏ డ్రాప్స్ ఎన్నాళ్ళు వేయాలో వాళ్ళే చెప్పి మళ్ళీ రమ్మంటారు.

నీళ్ళతో కడగడం చెడ్డ పద్ధతి అనడం లేదు. కర్ణభేరి బాగుండి, షుగర్, చెవి ఆపరేషన్ లాంటివేమీ లేనివాళ్ళకి అది బాగానే పనిచేస్తుంది. నీళ్ళు మాత్రం ఒంటి వేడికి సరిగ్గా, అంటే 37 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లటివైనా మరీ వేడివైనా గిర్రున కళ్ళు తిరుగుతాయి. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే డాక్టరు చెవులు కడుగుతూనే దీన్ని గమనించి, లోపలి చెవికీ, ఒళ్ళు తూలకుండా నిలిపే బ్యాలెన్స్‌కీ ఉన్న సంబంధం మీద పరిశోధించారు. 1914 నోబెల్ బహుమతి ఆయనకి ఆ పరిశోధనకే వచ్చింది.

అంబత్తూరు అన్నగారూ, మీ ఇంట్లో ఇబ్బంది రాకపోవడం సంతోషమే. నూనె గట్టి గులిమిని కొంత మెత్తబరుస్తుంది కూడా. కానీ మన చెన్నై ఉక్కలో నూనె, తడి లోపల నిలిచిపోయి బూజు పట్టిన చెవులు మా దగ్గరికి చాలా వస్తాయి. పైగా ఇక్కడ చిల్లు ఉందేమోనన్న అనుమానం ఉంది. అందుకే ఈ చెవికి వద్దంటున్నాను.

జవాబు: షోలింగనల్లూరు సభ్యుడు

నేను సక్షన్ చేయించుకున్నాను. నొప్పి లేదు కానీ, చెవి పక్కనే వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టినట్టు చప్పుడు. ఒక క్షణం తల తిరిగినట్టయింది. డాక్టరుకి చెప్తే ఆపి, కాసేపాగి మళ్ళీ చేశారు. మీ మామగారికి చప్పుడు సంగతి ముందే చెప్పండి, లేకపోతే ఉలిక్కిపడి తల కదిలిస్తారు. ఫీజు అడిగేటప్పుడు కన్సల్టేషన్ వేరా, ఒక్కో చెవికి ఎంత అని విడిగా అడగండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. నూనె ఆపించాను. మావారు ఆన్‌లైన్‌లో కెమెరా ఉన్న ఇయర్‌పిక్ ఆర్డర్ పెట్టారు, దాంతో తీయొచ్చా? జీహెచ్‌లో చేస్తారా? ఇంకొకటి, ఇది గులిమి వల్లే అని ఎలా తెలుస్తుంది?

జవాబు: అడయార్ సభ్యురాలు

ఆ పిక్ వద్దమ్మా. తెరమీద బొమ్మ పెద్దగా కనిపిస్తుంది కానీ లోతు తెలియదు, చెయ్యి ఒక్కసారి అదిరితే కర్ణభేరికి తగులుతుంది. ఇయర్‌బడ్స్ కూడా గులిమిని ఇంకా లోపలికే తోస్తాయి. గులిమి తయారయ్యేది చెవి నాళం బయటి భాగంలోనే. మాట్లాడుతూ, నములుతూ ఉంటే మామూలుగా దానంతటదే బయటికి జరుగుతుంది. చెవిలో పెట్టి వెలిగించే క్యాండిల్స్ కూడా అమ్ముతున్నారు. అవి గులిమిని లాగవు, కాలిన గాయాలవుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది.

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్‌లో, అంటే రాజీవ్ గాంధీ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. స్టాన్లీలోనూ ఉంది. పొద్దున్నే ఓపీకి వెళ్ళండి. ప్రైవేటుకైతే ముందే ఫోన్ చేసి "మైక్రోస్కోపు కింద సక్షన్ చేస్తారా?" అని అడగండి. షుగర్, పాత చీము, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే అవీ, మూడూ అడక్కపోయినా మీరే చెప్పండి.

మీ చివరి ప్రశ్న చాలా అవసరమైనది. మామగారిని నోరు మూసుకుని "మ్..." అని కూనిరాగం తీయమనండి. మూసుకున్న చెవిలోనే ఆ శబ్దం గట్టిగా వినిపిస్తే అడ్డం వల్ల కావచ్చు. బాగున్న చెవిలో గట్టిగా వినిపిస్తే వినికిడి నరం మీద అనుమానపడాలి. ఇది ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష మాత్రమే, దీన్ని నమ్ముకుని ఆగకండి. ఉన్నట్టుండి వినికిడి పడిపోయినవాళ్ళు గులిమేలే అని వారాలు గడిపేస్తారు, ఆ జబ్బుకి స్టెరాయిడ్లు మొదటి రోజుల్లోనే మొదలుపెట్టాలి. అందుకే ఆదివారం దాకా చూడకుండా రేపే తీసుకెళ్ళండి. గులిమి తీశాక కూడా సరిగా వినబడకపోతే, అక్కడే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించండి.