మొదటి డ్రిఫ్ట్ కారు: ఫోర్‌వీలా, ఆర్‌డబ్ల్యూడీయా?

తొలి బండి
అందరికీ నమస్కారం. ఏడాదిగా రిమోట్‌తో నడిచే ఆఫ్‌రోడ్ బగ్గీ తోలుతున్నాను. ఇప్పుడు డ్రిఫ్ట్ మీద, అంటే బండిని అడ్డంగా జారిస్తూ తోలడం మీద మనసు పడింది. 1:10 సైజులో, అంటే అసలు కారులో పదో వంతు, మూడు చూసి పెట్టుకున్నాను. టామియా టీటీ-02డీ, నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ కిట్ (విడిభాగాలుగా వస్తుంది, మనమే బిగించుకోవాలి). ఎంఎస్‌టీ ఆర్‌ఎంఎక్స్ 2.0 వెనక చక్రాల డ్రైవ్ (ఆర్‌డబ్ల్యూడీ), బండి జారితే ముందు చక్రాలను దానంతటదే ఎదురు తిప్పే గైరోతో సహా రెడీగా వచ్చేది. యోకోమో వైడీ-2 కూడా వెనక చక్రాల డ్రైవే, కానీ కిట్. ఇంట్లో నున్నటి టైల్స్ హాలు ఉంది. ఒక్కటే కొనగలను, తప్పు చేస్తానేమోనని టెన్షన్. దేనితో మొదలుపెట్టమంటారు?

అడ్డంగా తోలేవాడు
ఆర్‌డబ్ల్యూడీ. అనుమానమే వద్దు తమ్ముడూ. ఫోర్‌వీల్‌లో ముందు చక్రాలు కూడా లాగుతాయి. బండి అడ్డం తిరిగాక ఆ చక్రాలు ఎటు చూస్తే అటు ఈడ్చుకుపోతుంది. అందుకే కంగారులో త్రాటిల్ (వేగం పెంచే మీట) నొక్కినా బయటపడిపోతావు. ఆర్‌డబ్ల్యూడీలో ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. అదే కంగారులో అదే త్రాటిల్ నొక్కావా, వెనక భాగం ఇంకా బయటికి పోయి బొంగరంలా తిరుగుతుంది. వేలికి ఒకసారి పట్టిన అలవాటు తొందరగా వదలదు. నాకు ఆరు నెలలు పట్టింది.

మూడింట్లో ఆర్‌ఎంఎక్స్ తీసుకో. వైడీ-2 మంచి చాసిసే, కానీ మోటారు, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ, ముందు చక్రాలను తిప్పే సర్వో, గైరో అన్నీ విడివిడిగా ఏరుకోవాలి. మొదటి బండికి అంత పని ఎందుకు?

పినియన్
ఏది కొన్నా రిమోట్‌కి మూడో ఛానల్ ఉండేలా చూసుకో. గైరో గెయిన్, అంటే గైరో ఎంత గట్టిగా దిద్దాలన్నది, చాలావరకు దానితోనే మారుస్తారు.

పాత టైరు
బాబూ, ఇలాంటి మాటలు విని తొందరపడకు. నేను పీవీసీ పైపు కోసి చక్రాలకు తొడుక్కుని డ్రిఫ్ట్ నేర్చుకున్నవాణ్ణి. ఫోర్‌వీల్, 50:50, గైరో లేదు. అంటే ముందు, వెనక చక్రాలు సమానంగా తిరిగేవి. జారుతుంటే ఎప్పుడు ఎదురు తిప్పాలి, ఎంత తిప్పాలి, ఎప్పుడు వదలాలి, అన్నీ చేత్తోనే. తర్వాత సీఎస్ గేర్లు వేసుకున్నాను. సీఎస్ అంటే కౌంటర్‌స్టీర్, ఎదురు తిప్పడం. దానికోసం వెనక చక్రాలను ముందువాటికంటే వేగంగా తిప్పే ఏర్పాటది. ముందు ఒక చుట్టు తిరిగితే వెనక చుట్టున్నర. అలా మెట్టు మెట్టుగా ఎక్కాను.

ఇప్పుడు గైరో పెట్టేసి అదే ఎదురు తిప్పేస్తుంటే పిల్లవాడు నేర్చుకునేది ఏముంది? గైరో ఉన్న బండిని తోలేది నువ్వు కాదు, గైరో.

అడ్డంగా తోలేవాడు
> గైరో ఉన్న బండిని తోలేది నువ్వు కాదు, గైరో.

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అసలు కారులో ఏం జరుగుతుందో చూడండి. వెనక భాగం జారగానే క్యాస్టర్ కోణం (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) వల్ల ముందు చక్రాలు వాటంతటవే జారే దిక్కుకు తిరుగుతాయి. డ్రైవర్ ఆ క్షణంలో స్టీరింగ్‌ని చేతుల్లోంచి జారనిస్తాడు, అది గిర్రున తిరుగుతుంది, మళ్లీ సరైన చోట పట్టుకుంటాడు. మన బండిలో సర్వో ఉంది. అది చక్రాలను ఉన్నచోటే బిగించి పట్టుకుంటుంది, వాటంతటవి తిరగనివ్వదు. గైరో ఆ లోటు పూడుస్తుంది, అంతే. ఎంత కోణంలో జారాలి, ఏ గీత మీద వెళ్లాలి, త్రాటిల్ ఎంత, ఇవన్నీ మన వేలు చేసేవే. నమ్మకపోతే గైరో పెట్టి త్రాటిల్ పూర్తిగా నొక్కి ఉంచి, స్టీరింగ్ వదిలేయండి. ఒక్క మలుపు కూడా దాటదు.

పాత టైరు
క్యాస్టర్ నాకు తెలుసు. అసలు కారులో ఆ స్టీరింగ్ జారుతున్నట్టు అరచేతికి తెలుస్తుంది. రిమోట్‌లో ఏం తెలుస్తుంది? గైరో ఏం చేసిందో తోలేవాడికి కబురే రాదు. నేను అడిగింది ఒక్కటే: ఎదురు తిప్పడం ఎవరు నేర్చుకుంటున్నారు, మనిషా, పెట్టెనా?

పినియన్
ఇద్దరూ గైరో దగ్గరే ఆగిపోయారు. అతను అడిగింది ఏ కారు అని.

నున్నని నేల
నా అనుభవం చెప్తాను, గైరో గురించే కాబట్టి. మొదటి ఆర్‌డబ్ల్యూడీ కొన్నప్పుడు త్రాటిల్ తాకితే చాలు, అక్కడికక్కడే గింగిరాలు తిరిగేది. అమ్మినతన్ని అడిగితే మోటారు పవర్ ఎక్కువైందన్నాడు. మోటారు మార్చాను. టైర్లన్నాడు, టైర్లు మార్చాను. మూడు వారాలు. బండి అమ్మేద్దామనుకున్న రోజు రాత్రి దాన్ని చేతిలోకి తీసుకుని ముక్కును గభాలున కుడికి తిప్పాను. ముందు చక్రాలు కూడా కుడికే తిరిగాయి! ఎడమకు తిరగాలి కదా. గైరో మీద పెన్ను మొనంత స్విచ్ ఒకటి ఉంది, అటుది ఇటు జరిపాను. మళ్లీ నేల మీద పెడితే మొదటిసారి గుండ్రంగా, మెత్తగా, వెన్న మీద కత్తిలా జారింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తొలి బండి గారూ, రెడీగా వచ్చినదైనా సరే, నేల మీద పెట్టకముందే ఈ పరీక్ష చేయండి.

అడ్డంగా తోలేవాడు
చూశారా? తప్పు గైరోది కాదు, సెట్టింగ్‌ది. ఈ రోజుల్లో ఇంకా ఫోర్‌వీల్ కొనమనడం కొత్తవాడి డబ్బు నీళ్లలో పోయించడమే. ఆ బండితో బయట ఎక్కడా ఎవరితోనూ కలిసి తోలలేడు.

పాత టైరు
ఆ మాట నాకు తెలియదనుకున్నావా? రెండేళ్లు కష్టపడి సీఎస్ బండి తయారు చేసుకుని ఒక ట్రాక్‌కి వెళ్లాను. బాడీకి లోపలి నుంచి రంగు వేయడానికే పది రోజులు పట్టింది. నేను దాన్ని కింద పెట్టగానే ఒకతను వచ్చి, "ఫోర్‌వీల్ ఇక్కడ వద్దండీ, పక్కన పెట్టేయండి" అన్నాడు. తోలనిచ్చి చూడనైనా లేదు. అందరి ముందూ బండి ఎత్తుకుని బ్యాగులో పెట్టుకున్నాను. మళ్లీ ఏ ట్రాక్‌కీ వెళ్లలేదు. అప్పటినుంచి ఇంటి వెనక గచ్చు మీద ఒక్కణ్ణే తోలుకుంటున్నాను. నాకు రాని విద్యంటూ ఉంటే చెప్పు, ఒప్పుకుంటాను. నా బండి బండే కాదంటే మాత్రం ఊరుకోను.

నున్నని నేల
అయ్యో. అలా అనకుండా ఉండాల్సింది.

అడ్డంగా తోలేవాడు
అన్నా, ఇది నాకు తెలియదు. డబ్బు నీళ్లలో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఆ నియమం ఎందుకుందో చెప్పనివ్వండి. ఒకదాని వెనక ఒకటి అంటుకుని జారేటప్పుడు రెండు బండ్ల నడక ఒకేలా ఉండాలి. ఫోర్‌వీల్‌కి ముందు నుంచి లాగుడు ఉంటుంది కాబట్టి మలుపులోంచి చప్పున బయటపడుతుంది, దాని గీత వేరు. వెనకున్న ఆర్‌డబ్ల్యూడీ అందుకోలేదు, ముందున్నదైతే తలుపు మీద గుద్దించుకుంటుంది. మీ నైపుణ్యం తక్కువని కాదు. అయినా తోలనివ్వకుండా పంపేయడం తప్పే. వేరే సమయం ఇవ్వొచ్చు.

పాత టైరు
ఇంతసేపూ నువ్వు ఇది చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. పదిమందితో కలిసి తోలేవాడికి నీ మాట సరైనది. ఒక్కడే ఇంట్లో తోలుకునేవాడికి నా మాట సరైనది. మరి ఆ అబ్బాయిని అది అడిగామా?

బాబూ, ఎవరితో తోలతావు?

తొలి బండి
మీ అందరి మాటలూ చదువుతూనే ఉన్నాను. ఇద్దరు స్నేహితులకు ఆర్‌డబ్ల్యూడీలు ఉన్నాయి. సెలవు రోజుల్లో వాళ్లతో వెళ్లాలనే కోరిక. మిగతా రోజులు హాల్లో. ఇందాకే కొలిచాను, సోఫా జరిపితే నాలుగు మీటర్లకు మూడు.

పినియన్
లైపో బ్యాటరీ కొంటే ఛార్జింగ్‌లో పెట్టి బయటికి పోవద్దు. వాడని రోజుల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచు.

పాత టైరు
అయితే ఆర్‌ఎంఎక్స్ తీసుకో, నేనే చెప్తున్నాను. హాలు చిన్నదే, కానీ మొదటి నెలకు చాలు. ముందు తడిగుడ్డతో టైల్స్ తుడిచి పూర్తిగా ఆరనివ్వు. ఒక మూల దుమ్ము, ఒక మూల నునుపు ఉంటే బండి ఒక్కోచోట ఒక్కోలా జారుతుంది, తప్పు నీదో నేలదో తెలియదు. ఒక నీళ్ల సీసా చుట్టూ గుండ్రంగా తోలు, రెండు వైపులా. ఎడమవైపు బాగా వచ్చి కుడివైపు రాకపోతే కుడివైపే ఎక్కువ తోలు. ఆ తర్వాత రెండు సీసాలు, ఎనిమిది అంకె. గైరో గెయిన్ పెంచుకుంటూ పోతే ఒకచోట ముందు చక్రాలు గజగజ వణుకుతాయి, అక్కడినుంచి కొంచెం తగ్గించు. చెయ్యి కుదిరాక వారానికి కొంచెం చొప్పున ఇంకా తగ్గిస్తూ రా. ఎంతవరకు నీ చేత్తో కాయగలవో నీకే తెలుస్తుంది.

అడ్డంగా తోలేవాడు
ఈ చివరి మాట నేను కూడా పాటిస్తాను. టైరు అన్నా, మేం తోలేచోట సాయంత్రం చివరి గంట ట్రాక్ ఖాళీగానే ఉంటుంది. అందరితో మాట్లాడాను, ఆ గంట ఫోర్‌వీల్‌కి ఇస్తామన్నారు. మీ సీఎస్ బండి తీసుకురండి.

పాత టైరు
నావి ఇంకా పైపు ముక్కల టైర్లే. మీ నేల మీద గీతలు పడితే?

అడ్డంగా తోలేవాడు
అంచులు ఉప్పుకాగితంతో రుద్దుకుని రండి, చాలు.