క్వీన్స్ గాంబిట్ ఆడుతున్నా, ఎనిమిదో ఎత్తు తర్వాత బుర్ర పనిచేయట్లేదు

ఉప్పల్_బంటు:
అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్లు, చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తాతయ్యతో ఆడిన ఆట తప్ప చెస్ పెద్దగా రాదు, నాలుగు నెలల కిందటే మళ్లీ మొదలుపెట్టా. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు ఫోన్‌లో రెండు గేములు అయిపోతాయి, చాలాసార్లు మొదటిది తార్నాక రాకముందే ఓడిపోతా. తెల్లపావులు వస్తే డి4, తర్వాత సి4 (అదే క్వీన్స్ గాంబిట్), అంతే, వేరే ఏదీ ఆడను.

ఇబ్బంది ఎక్కడంటే, అవతలివాడు సి4 బంటును తినేసి వెంటనే బి5 ఆడి దాన్ని కాపాడుకుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది, బంటు ఊరికే పోయిందే అని. తినకుండా ఇ6 ఆడాడనుకోండి, గుర్రాలు తీస్తా, బిషప్‌ను జి5కి పంపిస్తా, కాజిల్ చేస్తా, ఆ తర్వాత ఏం చేయాలో తెలీదు. నేను చూసిన వీడియో అక్కడితో అయిపోయింది మరి.

పోయిన ఆదివారం మొదటిసారి టోర్నమెంట్‌కి వెళ్లా. ఎదురుగా తొమ్మిదేళ్ల పాప, కాళ్లు నేలకి అందట్లేదు. డి4 డి5, సి4 ఇ6, గుర్రం సి3, తను గుర్రం ఎఫ్6, నేను బిషప్ జి5, తను రెండో గుర్రాన్ని డి7లో పెట్టింది. డి5 మీద బంట్లు మార్చుకున్నాం. ఎఫ్6 గుర్రం కదిలితే వెనక క్వీన్ పోతుంది కదా అని ధీమాగా నా గుర్రంతో డి5 బంటును తినేశా. పాప ఆ గుర్రంతోనే నా గుర్రాన్ని తినేసింది! నేను క్వీన్‌ను తీసేసి పక్కన పెడుతుంటే కనీసం తలెత్తి కూడా చూడలేదు, బిషప్‌ను బి4కి జరిపి స్కోర్‌షీట్‌లో రాసుకుంటోంది. చెక్. అడ్డం పెట్టడానికి నా క్వీన్ తప్ప ఇంకేమీ లేదు. ఓపెనింగ్ మార్చేయమంటారా? ఆఫీసులో ఒకడు లండన్ అనే వేరే ఓపెనింగ్ ఆడమని ప్రాణం తీస్తున్నాడు.

మల్కాజిగిరి_మావయ్య:
బాబూ, నవ్వినందుకు ఏమీ అనుకోకు, సరిగ్గా అదే ఉచ్చులో నేనూ పడ్డా, అప్పుడు నా ఎదురుగా ఉన్నది పాప కాదు, పెన్షన్ తీసుకునే పెద్దాయన. దాన్ని ఎలిఫెంట్ ట్రాప్ అంటారు. క్వీన్‌కి క్వీన్ పోయి లెక్క చూసుకుంటే నీకు ఒక గుర్రం పోయి ఒక బంటు వచ్చి ఉంటుంది. పిన్ అయిన పావు, అంటే కదిలితే వెనక ఉన్న పెద్ద పావు పోయేది, కదలకూడదని రూలేమీ లేదు కదా, వెనక ఉన్నది రాజైతేనే కదలదు. డి5లో బంట్లు మారాక ఆశపడకుండా ఇ3 ఆడుకో, చాలు.

ఇక మొదటిది. పేరుకే గాంబిట్, అంటే బంటు బలి, నిజానికి అది పోయే బంటు కాదు. తినగానే నువ్వు ఇ3 ఆడతావు, బిషప్ సి4 మీద కన్నేస్తుంది. వాడు బి5 అన్నాడా, నువ్వు ఏ4 ఆడు. వాడు సి6తో కాపాడితే బి5 మీద తినెయ్, వాడూ సి బంటుతో తింటాడు, అప్పుడు క్వీన్‌ను ఎఫ్3లో పెట్టు. అక్కడి నుంచి ఐమూలగా చూడు, ఏ8 మూలన రూక్ నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది, దాన్ని కాపాడాలంటే వాడు గుర్రాన్నో బిషప్‌నో వదులుకోవాల్సిందే. ఏ4కి జవాబుగా ఏ6 ఆడితే ఇంకా సుఖం, బంట్లు మారగానే వాడి రూక్‌కి కాపలా ఉండదు, నేరుగా తినడమే.

తెలిసినవాడైతే ఇవేమీ చేయడు, ఇ3కి ఎదురుగా ఇ5 ఆడతాడు. అది మంచి ఎత్తు. అందుకే చాలామంది ముందు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చి ఇ5ను ఆపుతారు, అయితే ఆ గడిలో గుర్రం ఉంటే ఇందాకటి క్వీన్ ఎత్తు ఉండదు. మెట్రో గేములకి ఇ3 చాలు.

దుమ్ము_రేపుతా:
లండన్ ఆడు బ్రో. బిషప్ ఎఫ్4, ఇ3, సి3, కళ్లు మూసుకుని ఆడొచ్చు.

ఆబిడ్స్_పాతపుస్తకం:
కళ్లు మూసుకుని ఆడటానికైతే చెస్ ఎందుకండీ, మెట్రోలో నిద్రపోవచ్చుగా. (లండన్ మీద నాకు కోపం లేదు. ఉంది, కొంచెం.)

ప్రశ్న అడిగినవారికి ఒక్క విషయం చెప్తా. ఈ ఓపెనింగ్‌ను ఎత్తులుగా బట్టీ పట్టకండి, నల్లవాళ్ల సి8 బిషప్ ఏం చేస్తోందో చూడండి. ఇ6 ఆడగానే దాని తలుపు మూసుకుపోతుంది, పాపం ఇంట్లోనే. కొందరు ఇ6 బదులు సి6 ఆడి, అంటే స్లావ్, డి5ను కాపాడుకుంటారు, ఎందుకంటే ఆ బిషప్‌కి దారి మూయకుండా ఉండాలని. ఆ గొడవ ఎలా తీర్చుకుంటారన్నదే ఇందులో సగం ఆట. 1927లో కాపాబ్లాంకా, అలెఖిన్ ప్రపంచ టైటిల్ కోసం 34 గేములు ఆడితే అందులో 32 ఈ ఇ6 రకమే. ఇద్దరికీ విసుగు పుట్టలేదంటే లోపల సరుకు ఎంతుందో చూడండి.

మీ ఎనిమిదో ఎత్తు తర్వాతి సంగతి. మొదట్లో నాకూ ఇదే బాధ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం కొంటే అందులో డి4 అని లేదు, పి-క్యూ4 అని ఉంది, గడులు అర్థం చేసుకోవడానికే వారం పట్టింది, కానీ ఒక ప్లాన్ దొరికింది. డి5 మీద బంట్లు మార్చేయండి. వాళ్లు ఇ బంటుతో తింటారు, సి6 పెడతారు. ఇప్పుడు క్వీన్ వైపు వాళ్లకి మూడు బంట్లు, మీకు రెండే. ఆ రెండింటితోనే మీరు దాడి చేస్తారు! ఇ3, బిషప్ డి3, క్వీన్ సి2, కాజిల్, తర్వాత ఏ1లో ఉన్న రూక్‌ను బి1కి తెచ్చి బి4, బి5 తోయండి. బి5 పడ్డాక సి6 మీద మార్పిడి జరిగితే అక్కడ వాళ్లకి వెనకబడ్డ బంటు మిగులుతుంది, పక్కన కాపలా కాసే బంటు ఉండదు. ఇక దాని మీదే రూకులు, క్వీన్ గురిపెట్టి కూర్చోవడం. దీన్నే మైనారిటీ ఎటాక్ అంటారు.

నిదానంగా సాగుతుంది, అది ముందే చెప్పాలి. మీరు అటు బి5 అంటూ ఉంటే వాళ్లు ఇటు గుర్రాన్ని ఇ4లో దించి మీ రాజు మీదకి వస్తారు. పది నిమిషాల గేములో కష్టం, పదిహేను ప్లస్ పది, అంటే పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు అదనం, పెట్టుకోండి.

మల్కాజిగిరి_మావయ్య:
పై మాటకి నా వోటు. అన్నట్టు మా నాన్నగారు బిషప్‌ను శకటు అనేవారు, క్వీన్‌ను మంత్రి అనేవారు, ఆయన లెక్కన ఇది మంత్రి గాంబిట్.

ఉప్పల్_బంటు:
అందరికీ థ్యాంక్స్. ఈ రోజు పొద్దున్నే ఒకడు నిజంగానే బంటు తిని బి5 ఆడాడు, ఏ4, సి6, చేతులు వణుకుతుండగా క్వీన్ ఎఫ్3 పెట్టా. వాడు రెండు నిమిషాలు ఆలోచించి గుర్రం ఇచ్చేశాడు. ఆ ఆనందంలో బేగంపేట దాటాక నా క్వీన్‌ను ఊరికే వదిలేసి ఓడిపోయా, అది వేరే కథ. మావయ్యగారూ, మా తాతయ్య శకటును ఒంటె అనేవారు. ఇంతకీ ఆ బి1 రూక్ సంగతి, కాజిల్ చేశాకే తేవాలా, ముందే తెచ్చినా ఫర్వాలేదా?

ఆబిడ్స్_పాతపుస్తకం:
ముందు కాజిల్ చేసుకోండి బాబూ.