సీడీ రైటర్ లేకుండా లినక్స్ ఎక్కించడం ఎలా?

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేద్దామనుకుంటున్నానండి, దాని ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) దిగింది కానీ డ్రైవ్ సీడీలు చదువుతుందే తప్ప రాయదు, ఇంకేదైనా దారుందా? ఇప్పుడున్నది విండోస్ 7.

జవాబు: పెన్‌డ్రైవ్ చాలండి. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఐఎస్ఓ అందులోకి రాయండి, ఊరికే కాపీ పేస్ట్ చేస్తే దాన్నుంచి కంప్యూటర్ బూట్ అవ్వదు (మొదలవ్వదు). కొత్త రూఫస్ 4 మీ విండోస్ 7 మీద నడవదు, 3.22 దించుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట దాచుకోండి.

జవాబు: రాసేముందు ఐఎస్ఓ ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ సరిగ్గా దిగిందో లేదో తేల్చే కోడ్) సైట్‌లో ఇచ్చినదానితో సరిచూడండి ప్లీజ్, ఫైల్ పాడైతే ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది, అందరూ లినక్స్‌నే తిడతారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండి, రాశాను. బయోస్‌లో (ఆన్ చెయ్యగానే తెరవగలిగే సెట్టింగుల్లో) యూఎస్‌బీ కనపడట్లేదే?

జవాబు: పెన్‌డ్రైవ్ పెట్టాకే ఆన్ చెయ్యండి, కొన్నిట్లో అది హార్డ్ డిస్క్ లిస్టు లోపల ఉంటుంది. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్ బూట్ ఉందేమో చూడండి, ఇంకో కంప్యూటర్ నుంచి లాన్ కేబుల్ మీదుగా ఎక్కించొచ్చు.