వాతావరణ శాస్త్రంలో ఎంఎస్సీ: విశాఖలోనే చేయాలా, బయటికి వెళ్లాలా?

భీమిలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్లు నా సబ్జెక్టులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెటీరియాలజీ ఎంఎస్సీలో చేరాలని ఉంది. నాన్న మరబోటు నడుపుతారు. వేటకు వెళ్లవద్దని హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ అది ఎవరు, ఎలా తేల్చి చెబుతారో తెలుసుకోవాలని చిన్నప్పటి నుంచి నాకు కోరిక. అమ్మ మాత్రం ఆ చదువుకు ఉద్యోగాలు ఉండవంటోంది, బీఎడ్ చేయమంటోంది. మా అధ్యాపకులు ఒకరు ముందు ఫిజిక్స్‌లో ఎంఎస్సీ చేసి, తర్వాత ఇటు రమ్మన్నారు. ఇందులో గణితం ఎంత ఉంటుంది? పుణె లాంటి చోటికి వెళ్తేనే మంచిదా? తెలిసినవారు చెప్పగలరు.

పరిశోధక విద్యార్థి, వాల్తేరు:
ప్రవేశం రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ ద్వారా. డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం చదివారు కాబట్టి ఆ విషయంలో బెంగ అక్కర్లేదు. ఎంఎస్సీ తర్వాత గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లవచ్చు. గేట్ ఇంజినీరింగ్ సైన్సెస్ పేపర్లో వాతావరణ, సముద్ర శాస్త్రాలకు విడిగా ఒక విభాగం ఉంది. పీహెచ్‌డీకి ఫెలోషిప్ కావాలంటే సీఎస్ఐఆర్ నెట్‌లో భూ, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాల పేపర్ రాయాలి.

విశ్రాంత పరిశీలకుడు, ఎంవీపీ కాలనీ:
అమ్మా, ముందు గణితం సంగతి. దాన్ని తప్పించుకునే దారి ఈ చదువులో లేదు. గాలి కదలికను చెప్పే సమీకరణాలు నీకు తెలిసిన న్యూటన్ రెండో సూత్రమే. తిరుగుతున్న భూమి మీద నిలబడి రాసుకుంటాం కాబట్టి కదిలే గాలిని పక్కకు మళ్లించినట్టు కనిపించే కొరియాలిస్ బలం వచ్చి చేరుతుంది. సదిశలు (వెక్టర్లు), పాక్షిక అవకలనం (పార్షియల్ డిఫరెన్షియేషన్) బాగా వచ్చి ఉంటే, గాలి, నీటి ప్రవాహాల లెక్క చూసే ద్రవగతిశాస్త్రం నిన్ను భయపెట్టదు. ఈ వేసవిలో ఆ రెండింటినీ మళ్లీ మొదటి నుంచి చేయి.

ఫిజిక్స్ ఎంఎస్సీ చేసి ఇటు వచ్చినవారు చాలామందే ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఇంత ఇష్టం ఉన్నదానివి రెండేళ్లు ఎందుకు ఆగాలి?

ఇక విశాఖ గురించి. ఇక్కడ చదివితే బంగాళాఖాతమే నీ ప్రయోగశాల అని నేను గట్టిగా నమ్ముతాను. 1950లలో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి వారితో కలిసి ఈ తీరంలో నీరు లోతు నుంచి పైకి ఉబికి రావడాన్ని పరిశీలించారు. నైరుతి గాలి తీరం వెంబడి వీస్తే, భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే మన తీరానికి దూరంగా జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీరు వస్తుంది, దాని వెంట చేపలూ వస్తాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉష్ణోగ్రత, నీటిలోని సూక్ష్మ మొక్కల పత్రహరితం చూసి మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెబుతోంది కదా, దాని వెనకున్న శాస్త్రం ఇదే. మీ నాన్నగారికి ఇందులో సగం అనుభవం మీద తెలిసే ఉంటుంది, అడిగి చూడు.

ఇంకొక మాట. విశాఖలో రేడియోసాండ్ అనే కొలత పరికరం కట్టిన బెలూన్లను గాలిలోకి వదులుతారు. మన సమయం ప్రకారం ఉదయం, సాయంత్రం 5.30 పరిశీలనల కోసం ప్రపంచమంతటా ఒకే వేళకు ఇలా వదులుతారు. ఎత్తుకు పోయేకొద్దీ పీడనం, ఉష్ణోగ్రత, తేమ ఎలా మారుతున్నాయో ఆ పరికరం కిందికి పంపుతుంది. ఆ అంకెలను టీ-ఫై గ్రామ్ అనే గ్రాఫు కాగితం మీద నీ చేత్తో, పెన్సిలుతో గీయి. ఒకటి ఉష్ణోగ్రత గీత, రెండోది తుషార బిందువు గీత, అంటే గాలి ఎంత చల్లబడితే అందులోని తేమ నీరుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రత. రెండూ దగ్గరగా వచ్చిన చోట గాలి తేమతో నిండి ఉంటుంది. ఇప్పుడు నేల దగ్గరి గాలిని కాగితం మీద పైకి ఎత్తుకుంటూ పో. ఏ ఎత్తులో అది చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉంటుందో, అక్కడి నుంచి తనంతట తానే లేస్తుంది. మే నెలలో ఒక సాయంత్రం ఉరుముల వాన పడి, మర్నాడు అంతే ఉక్కపోతలోనూ చినుకైనా పడకపోవడానికి కారణం చాలాసార్లు ఆ కాగితం మీదే దొరుకుతుంది. కంప్యూటర్ ఇదే బొమ్మను క్షణంలో గీసి ఇస్తుంది, నిజమే. అయినా కనీసం ఒక రుతువు పాటు చేత్తో గీయమంటాను. ఈ పని చేయకుండానే వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల ఫలితాలు చదివేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మోడలింగ్ ఉద్యోగి, పుణె:
మాస్టారి మాట కాదనను. కానీ చెల్లీ, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ పనే ఎక్కువ అడుగుతారు. లైనక్స్, పైథాన్, కొంత ఫోర్ట్రాన్ తప్పనిసరి. డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ అంచనా నమూనాను సొంతంగా నడపడం వస్తే నీ దరఖాస్తుకు బలం. భారత వాతావరణ విభాగంలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష పెడుతుంది, అయితే ప్రకటన ఏటా రాదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, నోయిడాలోని వాతావరణ అంచనా కేంద్రం ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్, ఇన్‌కాయిస్, తిరుపతి దగ్గర గాదంకిలోని వాతావరణ పరిశోధనశాల ఎన్ఏఆర్ఎల్‌లో ప్రాజెక్టు ఉద్యోగాలు, పరిశోధన అవకాశాలు వస్తుంటాయి. పవన, సౌర విద్యుత్ సంస్థలకు కూడా అంచనాలు చెప్పేవారు కావాలి. అమ్మగారికి ఒకటి దాచకుండా చెప్పు: ప్రాజెక్టు ఉద్యోగాలు శాశ్వతం కావు. ఎంఎస్సీతో ఆగితే దారి ఇరుకు, ఎంటెక్ గానీ పీహెచ్‌డీ గానీ చేస్తే విశాలం. నా సలహా, ఎంఎస్సీ విశాఖలో చేసి, ఎంటెక్‌కు ఢిల్లీ, ఖరగ్‌పూర్, భువనేశ్వర్ ఐఐటీల వైపు చూడు.

భీమిలి అమ్మాయి:
అందరికీ ధన్యవాదాలు. చల్లనీటి సంగతి నాన్నకు చదివి వినిపించాను. ఎండలు ముదరక ముందు కొన్నాళ్లు వల లాగేటప్పుడు నీళ్లు చేతికి చల్లగా తగులుతాయని, అది తమకు కొత్త కాదని అన్నారు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, కానీ పీజీసెట్‌కు దరఖాస్తు చేయడానికి అడ్డు చెప్పలేదు. మాస్టారూ, ప్రవేశం వచ్చేలోగా ఇంటి దగ్గరే చేయగలిగింది ఏమైనా ఉందా?

విశ్రాంత పరిశీలకుడు, ఎంవీపీ కాలనీ:
ఉందమ్మా. విశాఖకు రెండు చోట్ల ఉష్ణోగ్రత నమోదవుతుంది, వాల్తేరులోనూ విమానాశ్రయంలోనూ. రోజూ రెండింటి గరిష్ఠాలనూ పుస్తకంలో రాసుకో. వేసవిలో విమానాశ్రయం వైపు ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే అది సముద్రానికి కాస్త లోపలగా ఉంది. పక్కనే ఆ రోజు సముద్రపు గాలి మీ ఇంటికి ఎన్నింటికి తగిలిందో రాయి. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఆ రోజే వాల్తేరులోనూ పాదరసం పైకి ఎగబాకుతుంది. జూన్ దాకా రాసి ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను. ఈలోగా పాక్షిక అవకలనంలో ఎక్కడ ఆగిపోయినా అడుగు.