కర్రీ మసాలా కాటేజ్ పై: పైన వేసిన బంగాళదుంప కిందికి దిగిపోతోంది, ఎందుకు?

బసవనగుడి_వంటిల్లు
ఖీమా కూర మీద మెదిపిన బంగాళదుంప పొర పరిచి ఓవెన్‌లో కాల్చే కాటేజ్ పై చేశాను. అర కిలో మటన్ ఖీమా, 4 పెద్ద బంగాళదుంపలు, 8 అంగుళాల గాజు పాత్ర, 19 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్). 200 డిగ్రీల్లో 30 నిమిషాలు. బయటికి తీసేసరికి దుంప పొర నడుమ గుంటపడి, అంచుల్లో నూనె, నీళ్లు తేలాయి. దుంప జిగురుగా సాగుతోంది. కూర విడిగా తింటే బాగుంది, దుంపతో కలిపి తింటే చప్పగా ఉంది. దుంపలు కుక్కర్లో 4 విజిల్స్ ఉడికించి, చల్లటి పాలతో మిక్సీలో తిప్పినవి. ఎక్కడ సరిచేసుకోవాలి?

ధనియాలపొడి
గుంటపడడానికి కారణం ఓటీజీ కాదండి, ఖీమాలో మిగిలిన నీళ్లు. మనం ఖీమాను కడుగుతాం, ఆ తడి అందులోనే ఉండిపోతుంది. కడిగాక సన్నటి జల్లెడలో 15 నిమిషాలు వదిలేసి, చేత్తో ఒత్తి తీయండి. వెడల్పాటి మూకుడులో 2 టేబుల్ స్పూన్ల నూనె కాచి, పెద్ద మంట మీద ఖీమా ఒక్కటే వేయించాలి. ముందు నీళ్లు ఊరతాయి, అవి ఇగిరి చిటపట మొదలయ్యేదాకా ఆగాలి. దానికి 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఖీమా తీసి పక్కన పెట్టి, అదే నూనెలో 2 ఉల్లిపాయలు, 1 క్యారెట్ సన్నగా తరిగి వేయించి, టేబుల్ స్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద వేయండి.

పొడులు: ధనియాలు 2 టీస్పూన్లు, జీలకర్ర 1, కారం ఒకటిన్నర, మిరియాలు అర, పసుపు పావు, మెంతిపొడి చిటికెడు. ఇవి నూనెలోనే వేగాలి. దుంప మూత కింద ఆవిరే తప్ప వేపు ఉండదు కాబట్టి, పొయ్యి మీద పచ్చి వాసన పోకపోతే ఓవెన్‌లో అసలు పోదు. తర్వాత ఖీమా, 1 టమాటా, 200 మిల్లీలీటర్ల నీళ్లు, ఉప్పు వేసి మూతపెట్టి 25 నిమిషాలు సన్న మంట మీద ఉడికించండి. గుప్పెడు బఠాణీ, అర టీస్పూన్ గరం మసాలా చివర్లో.

నూనె తేలాక 1 టేబుల్ స్పూన్ మైదా చల్లి నిమిషం వేపి, 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోయండి. గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే 3 సెకన్లు పూడకుండా నిలవాలి. వెంటనే పూడిపోతే ఇంకా ఇగరాలి. ఉప్పు, కారం అన్నంలోకి వేసేదానికన్నా కాస్త ఎక్కువే ఉండాలి, దుంప సగం లాగేస్తుంది.

ఉర్లగడ్డ_మడి
మిక్సీ వాడకండి. బ్లేడు దుంప కణాలను చీల్చేస్తే లోపలి పిండి బయటికొచ్చి బంకవుతుంది, తర్వాత ఏం కలిపినా విడిపోదు. పప్పుగుత్తితో మెదపాలి, లేదా జల్లెడ మీద రుద్దాలి.

దుంప రకం కూడా చూడండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో బెంగళూరుకొచ్చే కొత్త హాసన్ ఉర్లగడ్డ పలుచటి తోలుతో, నీరుగా ఉంటుంది. వేపుడికి, పులుసుకి బాగుంటుంది గానీ దీనికి పనికిరాదు. నిలవున్న పాత దుంప తీసుకోండి. అనుమానముంటే ఒక వంతు ఉప్పు, 11 వంతుల నీళ్లు (పావు కప్పు ఉప్పుకు రెండు ముప్పావు కప్పుల నీళ్లు) కలిపి అందులో వేసి చూడండి: మునిగితే పిండి ఎక్కువున్నట్టు, తేలితే నీరు ఎక్కువున్నట్టు.

800 గ్రాములు చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి, ఉప్పు వేసిన చన్నీళ్లలో పొయ్యి మీద పెట్టండి. ఇక్కడ సుమారు 900 మీటర్ల ఎత్తు కాబట్టి నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. చెన్నైలో 20 నిమిషాలకు ఉడికేది ఇక్కడ ఇంకో 3, 4 నిమిషాలు అడుగుతుంది. వార్చాక ఖాళీ గిన్నెలోనే సన్న మంట మీద 2 నిమిషాలు కదిపి తడి ఆరనివ్వండి. ముందు 50 గ్రాముల వెన్న, ఆ తర్వాత 60 మిల్లీలీటర్ల వేడి పాలు. గరిటె నిలబడేంత గట్టిగా ఉండాలి.

ఇందిరానగర్_ఓటీజీ
సర్దడంలో కూడా ఉంది. ఖీమా గోరువెచ్చగా అయ్యేదాకా చల్లారనివ్వాలి. పొగలు కక్కే కూర మీద దుంప వేస్తే అక్కడే కిందికి జారుతుంది. దుంపను నడుమ కుప్పపోయకుండా ముందు అంచుల చుట్టూ ముద్దలు పెట్టి, గాజుకు అంటుకునేలా నొక్కి, తర్వాత లోపలికి జరుపుతూ రండి. పైన ఫోర్కుతో గీతలు గీస్తే మిట్టలు ఎర్రగా వేగుతాయి. పాత్రలో అర అంగుళం ఖాళీ ఉంచండి, అడుగున ట్రే పెట్టండి.

10 నిమిషాలు ముందే వేడిచేసి, 200 డిగ్రీల్లో రెండు రాడ్లతో 25 నిమిషాలు, చివర 5 నిమిషాలు పై రాడ్ ఒక్కటే. 19 లీటర్ల దాంట్లో పై రాడ్ దగ్గరగా ఉంటుంది కాబట్టి కింది అరలో పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రను నేరుగా లోపల పెట్టకండి, పగులుతుంది.

శాకాహారం
మటన్ లేకుండా అయితే మీల్‌మేకర్ రవ్వ 100 గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి వాడొచ్చు. దానికన్నా ముడి మసూర్ (పొట్టు తీయని ఎర్రపప్పు) 150 గ్రాములు మేలనిపిస్తుంది. పప్పు చిక్కదనం దానికే ఉంటుంది, మైదా అక్కర్లేదు. దుంపలో ఆవాలు, కరివేపాకు పోపు కలిపితే బాగుంటుంది. నిమ్మరసం మాత్రం వడ్డించేటప్పుడే.

ధనియాలపొడి
పోపు ఖీమాకు కూడా నప్పుతుంది, కానీ ఆకులు దుంప లోపలికి కలిపేయండి, పైకి తేలితే మాడతాయి. ఇంకొకటి, మటన్‌తో చేస్తే బ్రిటన్‌లో దీన్ని షెపర్డ్స్ పై అంటారు, గొడ్డు మాంసంతో చేసేది కాటేజ్ పై. వంటకాలు వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ చూడండి.

బసవనగుడి_వంటిల్లు
ముందు రోజు సాయంత్రం సర్ది ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

ఇందిరానగర్_ఓటీజీ
పెట్టొచ్చు. ఖీమా పూర్తిగా చల్లారాకే దుంప వేసి, మూతపెట్టి ఉంచండి. తీశాక అరగంట బయట పెట్టి, 180 డిగ్రీల్లో 40 నిమిషాలు. నడుమ చాకు గుచ్చి 5 సెకన్లుంచి తీస్తే మొన కాలాలి. వెంటనే కోస్తే గ్రేవీ పారుతుంది, 15 నిమిషాలు ఆగి కోయండి.